పెనుకొండను మాలో కలిపేసుకున్న ఏడాది

కొత్తగా కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్లుగా చేరే పిల్లలు అప్పుడప్పుడు హిందూపురంలో మా ఇంటికి వస్తుంటారు. సార్, మీ అనుభవంలోంచి మాకు పనికొచ్చే మాట ఒకటి చెప్పండి అని అడుగుతారు. ఎలా గెలవాలో చెబుతానని ఆశపడి నోటుబుక్కు కూడా తెచ్చుకుంటారు, పాపం. ముప్పై ఏళ్ల పైచిలుకు పీడీగా పనిచేసి నేను సంపాదించిన కప్పులన్నీ కాలేజీ ఆఫీసులో ఒక్క బీరువా మీద పడతాయి. వాటి సంగతి చెప్పడానికి పది నిమిషాలు ఎక్కువ. అసలు చెప్పాల్సింది, ఒక ఫారం నింపడంలో నేను వెలగబెట్టిన ఘనకార్యం. పేర్లు మాత్రం అడగకండి. అందరూ బతికే ఉన్నారు, పైగా అందరి దగ్గరా నా ఫోన్ నంబరు ఉంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారిలో ఉన్న ఊళ్లు. మూడు ఊళ్లలోనూ ఒక్కో డిగ్రీ కాలేజీ కలిసి ఏటా అమ్మాయిల కబడ్డీ పోటీ పెట్టుకునేవాళ్లం. దానికి పెద్ద పేరేమీ లేదు, మూడూళ్ల టోర్నీ అనేవాళ్లం. ఏడాదికి ఒక ఊరి వంతు. వంతు వచ్చినవాళ్లు గ్రౌండు చదును చేసి, వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టాలి. రెండు కాలేజీలు ఆడుతుంటే మూడో కాలేజీ పీడీ విజిల్ పట్టుకోవాలి. మ్యాచ్ ఎన్ని గంటలకు అనే మాటే ఉండేది కాదు. నోటీసు బోర్డులో "ప్యాసింజరు వచ్చినాక" అని రాసేవాళ్లం. ప్యాసింజరు ఆలస్యమైతే మ్యాచ్ కూడా ఆలస్యం. దాని మీద ఎవరూ ఎవరికీ ఫిర్యాదు చేసినట్టు నాకు గుర్తులేదు.

పెనుకొండ పీడీ ఒకావిడ. బీపీఈడీలో నాకు ఒక సంవత్సరం సీనియర్, అప్పట్నుంచీ అక్కా అనే పిలుస్తాను. మనిషి సన్నగా ఉంటుంది కానీ గొంతు విప్పిందంటే కొండ మీద కోట చూడ్డానికి పోయినవాళ్లు కూడా వెనక్కి తిరగాల్సిందే. పెనుకొండ వంతు వచ్చిన ఏడు ఆమె మా అమ్మాయిలకు రాగి సంగటి, చెనక్కాయలు నూరిన ఊరుబిండి కొసరి కొసరి వడ్డించేది. తిన్నాక మావాళ్లు కూతకు లేవలేకపోయేవాళ్లు. అది అక్క పన్నాగమేనని నా అనుమానం. ఇన్నేళ్లూ అడుగుతూనే ఉన్నాను, ఒప్పుకోలేదు.

ధర్మవరం పీడీ నేతపని వాళ్లింటి మనిషి. చాలా మెత్తన. టోర్నీకి వచ్చేటప్పుడు ఇంట్లో నేసిన పట్టుచీరలు రెండు మూడు సంచిలో పెట్టుకుని వచ్చేవాడు. మ్యాచ్ అయిపోగానే లేడీ లెక్చరర్లంతా ఆయన చుట్టూ చేరేవాళ్లు. ఆయన అంపైరింగు మీద ఏ కాలేజీ కూడా గట్టిగా గొడవ పడకపోవడానికి అదొక కారణం.

ఇలా బాగానే సాగుతుండగా మా మీదికి టీవీ వచ్చింది.

మొదట పోయింది ధర్మవరం. అనంతపురం వైపు ఒక లోకల్ చానల్ కాలేజీ ఆటలను లైవ్‌లో చూపిస్తామని బయలుదేరింది. ధర్మవరంలో చీరల షాపులు ఎన్నో మీకు తెలుసు, ఒక్కో షాపు ఒక్కో ప్రకటన ఇచ్చినా చానల్‌కు పండగే. అందుకని ధర్మవరం కాలేజీని తమ లీగ్‌లో కలిపేసుకున్నారు. ఆ కాలేజీ అమ్మాయిలు ఎలా ఆడతారని ఎవరూ అడగలేదట. ఈ సంగతి చెప్పడానికి ధర్మవరం సారు స్వయంగా మా ఊరికి వచ్చాడు. చేతిలో వాళ్ల ప్రిన్సిపాల్ పంపిన స్వీట్ల డబ్బా, ముఖంలో మాత్రం పరామర్శకు వచ్చిన కళ. నేను స్వీటు తింటూ ఆయన్ను ఓదార్చాల్సి వచ్చింది.

దాంతో మా ప్రిన్సిపాల్‌కు కాలు నిలవలేదు. ధర్మవరం కాలేజీ బోర్డు టీవీలో కనబడి మనది కనబడకపోతే వచ్చే ఏడు అడ్మిషన్లు ఏం కావాలని రోజుకు రెండుసార్లు నన్ను గదిలోకి పిలిచి అడిగేవాడు. అడ్మిషన్లకూ కబడ్డీకీ ఏమిటి సంబంధమని నేనంటే, నువ్వు గ్రౌండు దాటి ఆలోచించవయ్యా అనేవాడు. అలాంటి సమయంలో మా ఊరి కేబుల్ యజమాని వచ్చాడు. అంతకుముందు ఆయన చానల్‌లో పెళ్లి వీడియోలు, బోరుబండ్ల ప్రకటనలు, తప్పిపోయిన ఆవుల వివరాలు వచ్చేవి. ఇప్పుడు సరిహద్దు అవతల ఒక పెద్ద చానల్‌తో పొత్తు పెట్టుకున్నాడట. గౌరిబిదనూరు, మధుగిరి, పావగడ వైపు కాలేజీలతో ఒక లీగ్, ఈ పక్కనుంచి రెండు కాలేజీలు కావాలన్నాడు. హిందూపురం వాళ్లకు కన్నడం, తెలుగు రెండూ వచ్చు కాబట్టి మేము ఖాయం. రెండోది పెనుకొండ అనుకుంటున్నాను అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ధర్మవరం పోతే పోయింది, అక్కా నేనూ కలిసే ఉంటామనుకున్నాను.

ఆయన చేతిలో ఒక ఫారం ఉంది. మీ జట్టును ఏయే ఊళ్ల జనం అభిమానంగా చూస్తారో రాయమని అందులో ఒక గడి. ఇక్కడే పప్పులో కాలేశాను. వెనక మా ప్రిన్సిపాల్ నిలబడి "ఇంకా రాయండి సార్, తక్కువ కనబడకూడదు" అంటున్నాడు. హిందూపురం అని రాశాను. లేపాక్షి రాశాను, పరిగి, చిలమత్తూరు రాశాను. గడిలో ఇంకా చోటు మిగిలింది. సోమందేపల్లి రాశాను. సోమందేపల్లి దాటితే ఏముంది, పెనుకొండే కదా. పెనుకొండ, దాని చుట్టుపక్కల పల్లెలన్నీ అని రాసి కింద గీత కూడా గీశాను. రాయల కాలంలో రాజధానిగా వెలిగిన ఊరిని నేను ఒక బాల్‌పెన్నుతో జయించేశాను. ప్రిన్సిపాల్ నా భుజం తట్టాడు.

వారం తర్వాత ఆ కేబుల్ చానలాయన మళ్లీ వచ్చి ఒప్పందం కాగితాలు బల్ల మీద పెట్టాడు. అందులో ఈ పక్క నుంచి మా కాలేజీ ఒక్కటే ఉంది. పెనుకొండ ఏదప్పా అని అడిగాను.

"పెనుకొండ జనం మీ ఆటే చూస్తారని మీరే రాసిచ్చినారు కద సార్," అన్నాడాయన ఎంతో మర్యాదగా. "చూసేవాళ్లు మీతోనే వస్తాంటే ఇంగ వాళ్ల టీముకు వేరే దుడ్లు ఎందుకు పెట్టల్ల?"

అది ఊరికే గొప్పకు రాశానని చెబితే పక్కనున్న ప్రిన్సిపాల్ ఊరుకోడు. చెప్పకపోతే అక్క పని అయిపోతుంది. నేను చెప్పలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసి, మీకొచ్చిందంట కదప్పా, మాకెందుకు రాలేదో ఏమన్నా తెలుసునా అని అడిగింది. వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయక్కా అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ లీగ్ వైభోగం కొంచెం చెప్పాలి. మ్యాచ్ మధ్యాహ్నం రెండింటికి, ఎందుకంటే సాయంత్రం సీరియళ్లు ఉంటాయి. మా ఎండల్లో మధ్యాహ్నం రెండింటికి గ్రౌండులో కుక్క కూడా పడుకోదు. జెర్సీల మీద ముందు చీరల షాపు పేరు, వెనక బోరుబండి పేరు వేశారు, అమ్మాయిల పేర్లకు చోటు చాల్లేదు. ఐదు నిమిషాలకొకసారి ప్రకటనల కోసం ఆట ఆపాలి. వ్యాఖ్యాత పండగలకు చీరల తగ్గింపు అమ్మకాలు మైకులో చాటే మనిషి. అలవాటు కొద్దీ ఆటలో కూడా మూడు పాయింట్లు, కేవలం మూడే పాయింట్లు, త్వరపడండి అనేవాడు. ఎదుటి జట్లేమో ఎప్పుడూ చూడని ఊళ్లవి. వాళ్ల మీద గెలిచినా మా ఊళ్లో ఎవడికీ ఉత్సాహం లేదు, ఓడినా ఏడుపు లేదు. పెనుకొండ చేతిలో ఓడిన ఏడాది మా బజార్లో టీ బంకు వాడు నాకు వారం రోజులు టీ పోయలేదు. ఇప్పుడేమో వరసగా మూడు ఓడినా చక్కెర ఎక్కువేసి ఇచ్చాడు. నాకు ఆ టీ తాగబుద్ధి కాలేదు.

మా ప్రిన్సిపాల్ ఒక్కడే సంతోషంగా ఉండేవాడు. కెమెరాకు ఎదురుగా కుర్చీ వేయించుకుని, ఆట వంక కాకుండా కెమెరా వంక చూస్తూ కూర్చునేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు అక్క మా కాలేజీకి వచ్చింది. ఎప్పుడూ గేటు దగ్గర్నుంచే వినబడే గొంతు ఆ రోజు గదిలోకి వచ్చి కూర్చున్నా వినబడలేదు. విషయం ఏమిటంటే, వాళ్ల జట్టులో ఒక అమ్మాయి ఉంది. పెనుకొండ పక్క పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు, డిగ్రీ చివరి ఏడాది. ఆ అమ్మాయి కూతకు వస్తే మా డిఫెన్సు వాళ్లకు చెమటలు పట్టేవి. చిన్నప్పట్నుంచీ గొర్రెల వెంట తిరిగి తిరిగి ఆ కాళ్లు ఎటు మళ్లుతాయో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఒకటే లోపం, కూత మరీ మెల్లగా పెట్టేది. అంపైర్ చెవి దగ్గరగా పెట్టి వినాలి.

యూనివర్సిటీ జట్టు సెలక్షన్లకు పిలుపు రావాలంటే, ఆ ఏడాది ఒక్క అంతర కళాశాల మ్యాచ్ అయినా ఆడినట్టు రెండు కాలేజీల పీడీలూ సంతకం పెట్టిన స్కోరు షీటు కావాలి. ఏటా మూడూళ్ల టోర్నీ షీటు పంపేవాళ్లం, సరిపోయేది. ఈసారి టోర్నీ లేదు. ధర్మవరం ఆ చానల్‌కు కట్టుబడింది, మేము ఈ చానల్‌కు. రెండు ఒప్పందాల్లోనూ ఒకటే షరతు, లీగ్ అయ్యేదాకా వాళ్ల కెమెరా లేకుండా ఆ జట్టు ఎక్కడా మ్యాచ్ ఆడకూడదు. చుట్టుపక్కల మిగతా కాలేజీల్లో అమ్మాయిల జట్టే లేదు. సెలక్షన్లు నెలాఖరున. యూనివర్సిటీ జట్టులో ఆడితే ఆ అమ్మాయికి స్పోర్ట్స్ కోటాలో బీపీఈడీ సీటు వస్తుంది. రాకపోతే గార్మెంట్ ఫ్యాక్టరీలో చేర్చడానికి ఇంట్లో మాట్లాడేసుకున్నారు.

"ఒక్క మ్యాచ్ ఆడండప్పా," అంది అక్క. "గెలిపియ్యమని నేను అడగను. ఆ బిడ్డ ఆడినట్టు ఒక కాయితం ఉంటే సాలు."

చూస్తానక్కా అన్నాను. చానలాయన్ను అడిగాను. పెనుకొండకు కెమెరా తెస్తే ఎవరు చూస్తారు సార్, ఆ జనం మీ లెక్కలోనే ఉండారు కదా అన్నాడు. ప్రిన్సిపాల్‌ను అడిగాను. ఒప్పందం కాగితం తీసి ఆ షరతు నాతోనే చదివించాడు. నా రాతే నా మెడకు చుట్టుకుందని అర్థమైంది. రోజులు గడిచిపోతున్నాయి. అక్క మళ్లీ ఫోన్ చేయలేదు, అదే నాకు ఇంకా బాధగా అనిపించింది.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా మా గ్రౌండులో లీగ్ మ్యాచ్. పొద్దున పది దాటింది. చానల్ వ్యాను వచ్చి నిలబడింది, కుర్చీలు వేశారు, ప్రిన్సిపాల్ కొత్త చొక్కా వేసుకున్నాడు. అవతలి జట్టు బస్సును మాత్రం చెక్‌పోస్టులో ఆపేశారని ఫోన్ వచ్చింది. పర్మిట్ కాగితం లేదట. డ్రైవరు అది ఇంట్లో దేవుడి పటం వెనక భద్రంగా పెట్టాడట. తెచ్చేసరికి సాయంత్రమే. చానలాయన ముఖం తెల్లబోయింది. రెండింటి నుంచి గంటసేపు ప్రకటనలన్నీ ముందే అమ్మేసి ఉన్నాడు. మ్యాచ్ లేకపోతే షాపులవాళ్లు తనను బతకనివ్వరని తల పట్టుకుని వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు.

ఆయన్ను చూసి జాలి పడాల్సింది పోయి నాకు లోపల ఒకటే సంబరం. పక్కన కూర్చుని, పెనుకొండ జట్టుంది కదా, ఫోన్ కొడతాను, వచ్చేస్తారు అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వెంటనే అక్కకు ఫోన్ చేశాను. ఆమె సంగతంతా విన్నది.

"ఈ ఏడు వంతు ఎవరిదప్పా?" అంది.

వంతు పెనుకొండదే. టోర్నీ లేకపోవచ్చు, వంతు వంతే కదా. ఆడాలంటే మీరే రావాలంది. అక్కా టైము లేదు, వ్యాను సామానంతా ఇక్కడ దింపేశారు అని బతిమాలాను. వంతు తప్పి ఆడితే ఆ బిడ్డకు కూడా మర్యాద కాదంది. ఇంత ఆపదలో కూడా ఈ పట్టింపేమిటని నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే, నేనైనా అదే అనేవాణ్ని.

చానలాయన వైర్లన్నీ పీకి వ్యాన్లో పడేశాడు. మా అమ్మాయిల్ని కాలేజీ బస్సెక్కించాను. ప్రిన్సిపాల్ కారులో ఏసీ పనిచేయడం లేదు కాబట్టి ఆయన టీవీలో చూస్తానని ఇంటికి పోయాడు. అది మా అదృష్టం. దారిలో ధర్మవరం సారుకు ఫోన్ చేసి, విజిల్ పట్టుకోవాలి రాగలవా అని అడిగాను. తన ఒప్పందంలో జట్టు ఆడకూడదని ఉందిగానీ పీడీ విజిల్ ఊదకూడదని లేదని, రాత్రే ఆ కాగితం మళ్లీ చదివానని చెప్పాడు. రాత్రే ఎందుకు చదివావని నేను అడగలేదు. ఆ మెత్తని మనిషి కూడా ఇన్నాళ్లూ లోపల కుమిలిపోతున్నాడని అప్పుడే తెలిసింది.

పెనుకొండ గ్రౌండులో అక్క ఒంగి సున్నంతో గీతలు వేస్తోంది. నేను బస్సు దిగి నేరుగా ఆమె దగ్గరకు పోయాను. మ్యాచ్ మొదలు కాకముందే చెప్పేయకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు. అక్కా, మిమ్మల్ని లీగ్‌లోంచి తీసేయడానికి కారణం నేనే, ఫారంలో పెనుకొండను మాదని రాశాను అన్నాను. ఆమె తల కూడా ఎత్తలేదు.

"తెలుసప్పా. ఆ చానలాయన అప్పుడే తెచ్చి సూపిచ్చినాడు. నీ రాత నాకు తెలీదా, పెనుకొండ కింద గీత గూడా గీసినావు."

మరి నన్నెందుకు అడగలేదక్కా అన్నాను.

"నువ్వే చెప్తావని సూస్తాండా. ఐదు నెల్లయింది," అని సున్నం డబ్బా నా చేతిలో పెట్టింది. "ఆ పక్క గీత నువ్వెయ్, టైమయితాది."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సున్నం పడిందని చెప్పి తుడుచుకున్నాను. ఆ పక్క గీత కొంచెం వంకరగానే వచ్చింది.

రెండింటికి గ్రౌండు చూస్తే నేను నోరు వెళ్లబెట్టాను. రెండు గంటల్లో ఊరికెలా తెలిసిందో, అక్క గొంతు ఎంతదూరం పోయిందో గానీ జనం గోడలెక్కి కూర్చున్నారు. కోర్టు నుంచి లాయర్లు నల్లకోట్లు చేతిమీద వేసుకుని వచ్చారు. సోమందేపల్లి నుంచి ఆటోల్లో దిగారు. నేను మా అభిమానులని ఫారంలో రాసిన ఊళ్లవాళ్లందరూ అక్కడ నిలబడి నన్నూ నా జట్టునూ తిడుతుంటే చానలాయన నా వంక అదోలా చూశాడు. లీగ్ మొత్తంలో ఆయన కెమెరాకు అంత జనం ఎప్పుడూ చిక్కలేదు.

మా అమ్మాయిలు కూడా ఆ రోజు మనసు పెట్టి ఆడారు. ఐదు నెలల తర్వాత తిట్లు తినడం వాళ్లకు కూడా బాగుందనుకుంటాను. ఆ గొర్రెలింటి అమ్మాయి మొదట్లో తడబడింది. ఆట మధ్యలో వ్యాఖ్యాత మైకులో, కూత ప్రేక్షకులకు వినబడటం లేదు, కొంచెం గట్టిగా పెట్టండమ్మా అని అడిగాడు. ఆ అమ్మాయి ఆయన వైపు తిరిగి బుద్ధిగా తల ఊపి, మళ్లీ అంతే మెల్లగా పెట్టింది. ధర్మవరం సారు నడుం విరిగేలా ఒంగి వింటూ ఆమె వెంట పరుగెత్తాడు.

ఆఖరి కూతకు స్కోరు సమానం. వచ్చింది ఆ అమ్మాయే. మావాళ్లు నలుగురు గొలుసు కట్టి నిలబడ్డారు. ఇన్నాళ్ల సర్వీసులో నేను మా జట్టు ఓడిపోవాలని ఎప్పుడూ కోరుకోలేదు, ఆ రోజూ కోరుకోలేదు. సరిగ్గా అప్పుడే చానలాయన ప్రకటనల టైమైందని చెయ్యెత్తాడు. ఆట ఆపమని ఆయన సైగ. కూత నడుస్తుండగా ఆపడం కుదరదని ధర్మవరం సారు సైగ. ఆ మెత్తని మనిషి అంత గట్టిగా చెయ్యి విసరడం నేనెప్పుడూ చూడలేదు. చానలాయన మీట నొక్కేశాడు. ఇళ్లలో టీవీల మీద పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు గుడి మెట్లు దిగడం మొదలుపెట్టారు.

ఇక్కడ గ్రౌండులో ఆ అమ్మాయి మా చివరి అమ్మాయి కాలు తాకి వెనక్కి మళ్లింది. మావాళ్లు ఇద్దరు నడుం పట్టుకున్నారు, మూడో అమ్మాయి చీలమండ పట్టింది. ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ, కింద పడుతూ, మధ్య గీతకు చెయ్యి చాపింది. వేళ్లు గీత దాటాయి. నోట్లో కూత అలాగే మెల్లగా ఉంది. ధర్మవరం సారు మోకాళ్ల మీద పడి ఆమె నోటి దగ్గర చెవి పెట్టి విని, విజిల్ ఊదాడు.

ప్రకటన అయిపోయి కెమెరా వచ్చేసరికి పెనుకొండ అమ్మాయిలు ఎగురుతున్నారు, మావాళ్లు దుమ్ములో కూర్చుని ఉన్నారు. ఎలా గెలిచారో ఇళ్లలో చూస్తున్న ఒక్కరికీ తెలియలేదు. చానలాయన ఫోన్ ఆగకుండా మోగింది. ఆ లీగ్‌లో చూడదగ్గ ఆట అదొక్కటే, దాన్ని గుడి మెట్లు దిగే చీరలు మింగేశాయి.

తర్వాత స్కోరు షీటు బల్ల మీదికి వచ్చింది. అక్క సంతకం పెట్టింది, ధర్మవరం సారు పెట్టాడు. నేను పెన్ను తీసేసరికి ప్రిన్సిపాల్ ఫోన్. ఆ కాగితం మీద ఎగ్జిబిషన్ మ్యాచ్ అని రాసి అప్పుడు సంతకం పెట్టు అన్నాడు. అంతర కళాశాల మ్యాచ్ అని రాస్తే సరిహద్దు అవతలి పెద్ద చానల్ అనుమతి లేని మ్యాచ్ ఆడినట్టవుతుంది, పైగా పెనుకొండ చేతిలో ఓడినట్టు రికార్డవుతుంది, వచ్చే ఏడు ఒప్పందం పోతే బాధ్యత నీదే అన్నాడు. ఎగ్జిబిషన్ అని రాస్తే ఆ షీటు ఆ అమ్మాయికి చిత్తుకాగితం. రిటైర్‌మెంటుకు నాకు ఇంకా ఏడాదిన్నర ఉంది. భయం వేయలేదని అబద్ధం చెప్పను. ఆ అమ్మాయి మోకాలికి పసుపు అద్దుకుంటూ పక్కనే నిలబడి ఉంది, ఏం జరుగుతోందో పాపం తనకు తెలియదు. అక్క నన్ను ఒక్క మాట అడగలేదు. అంతర కళాశాల మ్యాచ్ అని పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టాను.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఆ అమ్మాయిని సెలక్షన్లకు పిలిచారు, యూనివర్సిటీ జట్టులోకి తీసుకున్నారు, ఇప్పుడు బీపీఈడీ చదువుతోంది. మరుసటి ఏడు చానలాయన మా కాలేజీని వదిలేసి పెనుకొండను తీసుకున్నాడు. హిందూపురం జనం ఎలాగూ పెనుకొండ మ్యాచ్ చూస్తారు, ఇద్దరికీ దుడ్లెందుకని ఆయన లెక్క. మా ప్రిన్సిపాల్ ఆ లెక్క విని కుర్చీలోంచి లేవలేదు. అక్క మాత్రం ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, మా కాలేజీతో, ధర్మవరంతో తన వంతులు తాను ఆడుకుంటానని ఒక షరతు రాయించింది. ఆ తెలివి నాకు ముందే ఎందుకు రాలేదో తెలియదు.

నాకు మాత్రం ఆ మ్యాచ్ అయిన మూడో రోజే మెమో వచ్చింది. అనుమతి లేని మ్యాచ్‌ను అంతర కళాశాల మ్యాచ్‌గా ధ్రువీకరించి సంస్థకు నష్టం ఎందుకు కలిగించారో రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలని. ఆ రాత్రంతా కూర్చుని నాలుగు పేజీలు రాశాను. చెక్‌పోస్టు, పర్మిట్, ప్రకటనలు, మన టోర్నీ సంప్రదాయం, యూనివర్సిటీ నియమం అన్నీ వరసగా పెట్టాను. పొద్దున చదువుకుంటే అది తప్పుచేసినవాడి కాగితంలా ఉంది. చింపేశాను. ఇంకో తెల్లకాగితం తీసుకుని మూడు ముక్కలు రాసి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ నా సర్వీసు ఫైల్లో ఉంది.

"అయ్యా, పెనుకొండ అమ్మాయి ఆడింది. మేము ఓడిపోయాము. అందువల్ల సంతకం పెట్టాను."